చింతగింజ ఎక్కగలిగే బండి

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళు నిండిన నాలుగో రోజున, ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు, మా చిన్నమామ మద్రాసు నుంచి ఒక రేకుడబ్బా తెచ్చి మా వసారాలో బోర్లించాడు. డబ్బా నిండా ప్లాస్టిక్ ఇటుకలు. ఒకదాని మీద ఇంకొకటి పెట్టి నొక్కితే టక్కున కరుచుకునేవి. ఆ పూటే లెక్కపెట్టాను. ఇటుకలు నూట పద్నాలుగు, చక్రాలు ఎనిమిది. అది ఎవరి పిల్లలో ఆడి వదిలేసిన డబ్బా. మూత మీద బొమ్మలో ఉన్న ఇల్లు కట్టాలంటే తలుపులూ కిటికీలూ లేవు. చక్రాలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. అందుకని నేను ఇళ్ళు మానేసి బండ్లు కట్టడం మొదలుపెట్టాను.

మా ఇల్లు తిరుచానూరులో, అమ్మవారి గుడికి రెండు వీధుల అవతల ఉండేది. బడి నుంచి రాగానే డబ్బా ఎత్తుకుని పక్కింటికి పోయేదాన్ని. పక్కింటి అక్కకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. మూడో ఏట వచ్చిన పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. అరచేతులకు పాత చెప్పుల ముక్కలు కట్టుకుని, నేల మీద జరుగుతూ ఇల్లంతా తిరిగేది. తల్లి లేదు. తండ్రిని నేను పెద్దనాయన అనేదాన్ని. ఆయన పూలతోటలో పని చేసేవాడు. తెల్లవారి కోసిన పూలు తెచ్చి కూతురి ముందు కుప్ప పోస్తే, ఆమె మధ్యాహ్నానికల్లా మూరలు మూరలుగా కట్టేది. గుడి దగ్గర అమ్మే ఒకామె వచ్చి తీసుకుపోయేది.

అక్క గడప దాటాలంటే పెద్దనాయన ఎత్తుకోవాల్సిందే. ఊరేగింపు చూడాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా, ఎవరింట్లో పెళ్ళికైనా, ఆయన ఆమెను చిన్నబిడ్డప్పుడు ఎలా చంకనేసుకున్నాడో అలాగే వేసుకుని నడిచేవాడు. వీధిలో అందరూ ఆయన్ను మెచ్చుకునేవాళ్ళు. మా అమ్మ కూడా. అటువంటి తండ్రి ఎవరికి దొరుకుతాడు అనేది.

నేను కట్టిన మొదటి బండి యాత్రికుల బస్సు. ఎర్ర ఇటుకలు కింద, తెల్లవి పైన, ఎక్కడానికి రెండు మెట్లు. అక్క దాన్ని చేతిలోకి తీసుకుని నాలుగు వైపులా తిప్పి చూసింది. పక్కనే ఉన్న చింతగింజల్లోంచి సగం విరిగిన గింజ ఒకటి ఏరి బస్సు ముందు పెట్టింది.

“బస్సు బాగనే ఉండాది. దీన్ని ఎక్కించు సూస్తాం.”

నేను గింజను తీసి బస్సులో వేశాను.

“ఎత్తి ఏస్తే ఎవురైనా ఎక్కతారు మే. బియ్యం మూట గూడా ఎక్కతాది. జరుపు, ఎత్తొద్దు.”

అదే మా ఆటలో ఒకే ఒక్క నియమం. గింజ మీద వేలు పెట్టి నేల మీద ఎంత దూరమైనా జరపవచ్చు. నేల నుంచి పైకి ఎత్తకూడదు. మెట్ల దగ్గర నా గింజ ఆగిపోయింది. అక్క పడీపడీ నవ్వింది. “ఓ కండక్టరమ్మా, నీ బస్సు పొయ్యింది, మా గింజ ఈడ్నే ఉండాది,” అంది.

నాకు పౌరుషం వచ్చింది. మెట్లు పీకి ఏటవాలు పలక పెట్టాను. పలక నిలువుగా ఉంటే గింజ జారిపోయేది. పొడుగు చేస్తే విరిగేది. అతుకు మీద అతుకు పడితే ఊడుతుందనీ, మేస్త్రీలు గోడ కట్టినట్టు ఒకదాని నడుం మీద ఇంకొకటి పడాలనీ అక్కే చూపించింది. ఆమె బండి కట్టే పద్ధతి కూడా వేరు. నేను చక్రాలు బిగించి, గోడలు లేపి, చివర్లో లోపల జాగా ఎంత మిగిలిందో చూసుకునేదాన్ని. ఆమె ముందు గింజను చాప మీద పెట్టి, దాని చుట్టూ బండి కట్టేది. లారీ, జట్కా, పాలవ్యాను, ఏది కట్టినా అంతే. తాను ఒక్కసారీ లోపలికి ఎక్కని బండ్లన్నీ గడపలో కూర్చుని చూసి చూసి ఆమెకు కంఠతా వచ్చేశాయి.

వానలు మొదలైన నెలలో అక్క నన్ను ముట్టుకోనివ్వకుండా ఒక బండి కట్టింది. వెనక రెండు చక్రాలు, ముందు ఒకటి. కూర్చునే చోటు ఆ రెండు చక్రాల మధ్య, దాదాపు నేలకు ఆనుకుని ఉంది. వెనకవైపు గోడ లేదు. ముందు చక్రం దగ్గర, చేతులతో తిప్పే పిడికి బదులు, వంచిన తలపిన్ను ఒకటి గుచ్చింది.

“ఇది బండి మాదిరి ల్యా అక్కా, చేట మాదిరి ఉండాది,” అన్నాను.

“చేటే. నేను గింజను గదా,” అంది. అని, విరిగిన గింజను వేలితో జరిపింది. అది ఎక్కడా ఆగకుండా వెళ్ళి లోపల కూర్చుంది. అప్పటిదాకా ఆ గింజ ఎవరో నాకు తట్టలేదు.

ఆ సాయంత్రమే ఆమె తన కోరిక నాకు చెప్పింది. “పొద్దన్నే నేనే ఎక్కాల. నేనే తిప్పుకోని పోయి గుడికాడ పూలంగళ్ళ వరసలో కూసోవాల. నేను కట్టిన పూలు నేనే అమ్మాల. మల్లా నేనే రావాల. మా నాయన తోటకాడ్నే ఉండాల, నాకోసరం పరిగెత్తకూడదు. అంతే మే. కొండెక్కాలని గూడా అడగల్యా.”

పెద్దనాయన ఆ చిన్న బండిని అరచేతిలో పెట్టుకుని, పిన్ను పిడిని వేలితో తిప్పి చూశాడు. మరునాడు దాన్ని తుండుగుడ్డలో చుట్టుకుని తిరుపతి రోడ్డులో ఉన్న సైకిల్ షాపుకు పట్టుకుపోయాడు. అలాంటిదే పెద్దది చెయ్యమన్నాడు. దానికోసం ఆయన రెండు పూటలా పని ఒప్పుకున్నాడు. అక్క ఆ రోజుల్లో పూలు కడుతూ పాడేది. అంతకు ముందు ఆమె పాడగా నేను వినలేదు.

బండి వచ్చింది ఒక శుక్రవారం ఉదయం. సైకిల్ షాపు అతను తొక్కే సైకిలుకు కట్టి లాక్కొచ్చాడు. ఎర్రరంగు, పసుపు కుంకుమ బొట్లు, పిడికి బంతిపూల దండ. పెద్దనాయన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించాడు. వీధిలో ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. అక్క జరుగుతూ గడపలోకి వచ్చింది. వచ్చి, ఆగిపోయింది.

కూర్చునే చోటు నేలకు ఆనుకుని లేదు. చక్రాల మధ్య నుంచి ఇనప కాళ్ళ మీద మూరకు పైగా పైకి లేపి, దాని మీద మెత్తటి సీటు బిగించారు. వెనక వీపు ఆనించుకోవడానికి పలక, రెండు పక్కలా చేతులు. పెద్దనాయన ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

“ఈయప్ప కిందనే పెడతా అన్న్యాడు. నేనే ఒప్పుకోల్యా,” అని అందరికీ చెబుతున్నాడు. “నా బిడ్డ నేలకంటుకోని పోతావుంటే, పొయ్యేవోళ్ళంతా వంగి సూస్తారా? ఆ దుమ్ములో, ఆ కుక్కల నడమ? అమ్మోరి మాదిరి ఎత్తులో కూసోవాల నా తల్లి. ఎట్లుండాది బిడ్డా?”

అక్క చెప్పుముక్కలు కట్టిన అరచేతులు నేల మీదే ఉన్నాయి. ఆమె చూపు నేల నుంచి సీటు దాకా వెళ్ళింది, సీటు నుంచి నేలకు దిగింది. తర్వాత తండ్రి ముఖం చూసింది.

“రథం జేయించినావే నాయనా!” అంది. చిన్నపిల్లలా రెండు చేతులూ పైకి చాచింది.

పెద్దనాయన ఆమె చంకల కింద చేతులు వేశాడు. నేను ఊరుకోలేకపోయాను. “ఎత్తగూడదు పెద్దనాయనా! ఎత్తగూడదు!” అని అరిచాను.

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. “ఎత్తకపోతే ఎట్ల ఎక్కతాది మే, ఎగురుకుంటానా?” అంది ఎదురింటి అవ్వ. అందరికంటే గట్టిగా నవ్వింది అక్కే. నవ్వుతూ నా వైపు చూసి, ఎవరికీ కనబడకుండా తల అడ్డంగా ఊపింది.

ఆమె వీధి చివరిదాకా తిప్పుకుంటూ పోయింది. నేను వెనకే పరిగెత్తాను. మలుపులో, ఇంటి దగ్గరి వాళ్ళకు మేం కనబడని చోట, ఆమె బండి ఆపింది. ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. తుడుచుకోలేదు.

“మా నాయనకి సెప్పొద్దు. ఎప్పటికీ సెప్పొద్దు. ఆ ఎత్తు ఆయన కడుపులోనుంచి వొచ్చింది మే. దాన్ని కోసెయ్యమని యా నోటితో అడిగేది?”

నేను ఒట్టు వేశాను. ఏమీ అడక్కుండా ఒట్టు వేయడం అదే మొదటిసారి. ఒక మనిషి తనకు కావలసిన ఒకే ఒక్కదాన్ని, ఇంకొకరి ముఖంలో సంతోషం చెడకూడదని నోట్లోనే మింగేయగలదని ఆ మలుపులోనే నేర్చుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకు అది చాలా పెద్ద పాఠం. ఇప్పుడు నాకు అరవై నాలుగు. ఇప్పుడూ పెద్దదే.

ఆ తర్వాత వారం రోజులు పెద్దనాయన పొద్దున్నే ఆమెను ఎత్తి బండిలో కూర్చోబెట్టి, పక్కనే నడిచి, గుడి దగ్గర దింపి, తోటకు పరిగెత్తేవాడు. మధ్యాహ్నం మళ్ళీ పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. మునుపటి కంటే ఆయనకు పని పెరిగింది. ఆయాసపడుతూ నవ్వేవాడు. అక్క అది చూడలేకపోయింది. ఎనిమిదో రోజు నుంచి నడుం నొప్పి అని ఇంట్లోనే ఉండిపోయింది.

కానీ ఆమె ఊరికే కూర్చోలేదు. సాయంత్రాలు నన్ను పక్కన పెట్టుకుని మళ్ళీ ఇటుకలు తీసింది. వాళ్ళ ఇంటి అరుగు బండి సీటు కంటే నాలుగు వేళ్ళు ఎత్తు. దానికి ఒక పక్క మట్టి వాలు ఉంది, అక్క జరుగుతూ పైకి చేరగలదు. అరుగు నుంచి సీటు మీదికి చెక్క పలక వేస్తే, దాని మీద జరుగుతూ ఎక్కవచ్చు. మేము అరుగు కట్టాం, ఎత్తు సీటుతో కొత్త బండి కట్టాం, మధ్యలో పలక పెట్టాం. గింజను జరిపాం. ఎక్కింది. మళ్ళీ జరిపాం. మళ్ళీ ఎక్కింది. అక్క నా బుగ్గ గట్టిగా గిల్లింది.

మా బండి నిలిచింది చాప మీద. ఈత చాప అల్లికలో చిన్న చక్రాలు ఇరుక్కుని కదలవు. ఆ సంగతి మా ఇద్దరికీ తోచలేదు.

మంగళవారం మధ్యాహ్నం పెద్దనాయన తోటలో ఉన్నాడు, నేను బడిలో ఉన్నాను. అక్క ఒక్కతే అరుగు మీదికి చేరి, బండిని దగ్గరకు లాక్కుని, ఒక చక్రం కింద రాయి పెట్టి, పలక వేసింది. ఆమె బరువు పలక మీద పడగానే రాయి లేని చక్రం తిరిగింది. బండి అవతలికి పోయింది. ఆమె అరుగుకూ బండికీ మధ్య పడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టారు. జ్వరం పట్టుకుంది, తగ్గలేదు. పంతొమ్మిదో రోజున పోయింది.

పెద్దనాయన ఏడవడం నేను చూశాను. ఆయన ఏడుపులో ఉన్నది ఒకటే మాట. “నన్నొక కేక ఏసింటే వొచ్చి ఎత్తుకునేవాణ్ణి గదా తల్లీ. ఎప్పుడన్న బరువని అన్నానా? ఒక్కసారన్న అన్నానా?”

పెళ్ళికాని పిల్ల కాబట్టి పూడ్చిపెట్టారు. ఆమె మొదట కట్టిన చిన్న బండి సైకిల్ షాపు నుంచి తిరిగి వచ్చి గూట్లో ఉండేది. ఇది ఆమెకు ఇష్టం అని పెద్దనాయన దాన్ని ఆమె చేతి పక్కన పెట్టాడు. నేను వద్దనలేదు.

పదకొండో రోజు దాటాక ఆయన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “నువ్వెప్పుడూ ఆడ్నే ఉంటావే పాపా. ఒంటిగా ఎందుకు ఎక్కబోయిందో నీకేమన్న సెప్పిందా?” అని అడిగాడు. తెలియదు అన్నాను. ఆయన నా తల నిమిరి, వేడి చేసిన పాలు తాగించి పంపాడు.

నేను ముప్పై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఎవరికోసం ఏది చేయించినా, ఏది కొన్నా, మంచమైనా కుర్చీ అయినా బాత్రూంలో పట్టుకునే కమ్మీ అయినా, వాడేది ఎవరో ఆ మనిషిని ముందు పిలిచి, కూర్చోబెట్టి, నీకు ఎంత ఎత్తు కావాలి అని అడుగుతాను. వాళ్ళు మొహమాటపడి ఎంతైనా ఫరవాలేదంటే ఒప్పుకోను. రెండోసారి అడుగుతాను, ఎవరూ లేని చోట మూడోసారి అడుగుతాను. మా కోడళ్ళు దీన్ని చాదస్తం అంటారు. అననీ. పాలు తాగిన ఆ సాయంత్రం నోరు తెరిచి ఉండాల్సిందా అన్న ప్రశ్నకు మాత్రం నేను ఇప్పటికీ జవాబు తేల్చలేదు. ఒట్టు నాది, దుఃఖం ఆయనది, కోరిక ఆమెది. ముగ్గురికీ సరిపోయే జవాబు నాకు దొరకలేదు.

పోయినవాటి లెక్క ఇది. డబ్బాలోని నూట పద్నాలుగు ఇటుకల్లో ముప్పై ఒకటి. ఎనిమిది చక్రాల్లో మూడు. పాత ఇనుముకు వెళ్ళిన ఎర్రబండి ఒకటి. పంతొమ్మిదేళ్ళ మనిషి ఒకరు. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ ఇంట్లో ఒక్కడే ఉన్న ఆమె తండ్రిని పోయినవాళ్ళలో వేయాలో ఉన్నవాళ్ళలో వేయాలో నాకు తెలియదు. ఆయన్ను విడిగా రాస్తున్నాను.