ఒకటో తరగతిలో వీరమ్మాళ్

తమిళనాడులోని విరుదునగర్‌లో పప్పు మిల్లుల వెనక సందులో మున్సిపాలిటీ వారి చిన్న బడి ఒకటుంది. ఎనిమిదో తరగతి వరకూ చెబుతారు. పిల్లలు అరవైమందికి మించరు. వీరమ్మాళ్ ఆ బడిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. పొద్దున గదులు ఊడుస్తుంది, మధ్యాహ్నం భోజనాల దగ్గర వడ్డిస్తుంది.

ఆమె పుట్టింది కోవిల్‌పట్టిలో, తెలుగు మాట్లాడే కూలి కుటుంబంలో. మూడో తరగతిలో ఒకనాడు దాహమేసి, తమిళ మాట గుర్తుకురాక, పంతులమ్మను "నీళ్ళు" అని అడిగింది. తరగతంతా నవ్వింది. ఆ వారమంతా పిల్లలు ఆమెను ఆ పేరుతోనే పిలిచారు. మళ్లీ బడికి పోనని మొండికేసి, తల్లితోపాటు అగ్గిపెట్టెలు అతికించే పనికి వెళ్లిపోయింది. పెళ్లయి విరుదునగర్ వచ్చాక గడప దాటితే తమిళమే. తన ఇంటి భాష తెలుగని బడిలో ఎవరికీ తెలియనివ్వలేదు.

నిరుడు జూన్‌లో కాళీశ్వరి అనే ఆరేళ్ల పిల్ల ఒకటో తరగతిలో చేరింది. తండ్రి పప్పు మిల్లులో మూటలు మోస్తాడు. తల్లి తెల్లవారకముందే వ్యానెక్కి శివకాశి ఫ్యాక్టరీకి పోతుంది. రెండు నెలలు గడిచినా పిల్ల నోట ఒక్క మాట రాలేదు. పిలిస్తే తలెత్తదు, అడిగితే గోడవైపు తిరుగుతుంది. చెవులు వినపడవేమోనని హెడ్‌మిస్ట్రెస్ సెల్వరాణికి అనుమానం వచ్చింది. పెద్దాసుపత్రిలో చూపించాలని, అవసరమైతే మధురైలో ప్రత్యేక బడికి పంపాలని కాగితం రాసి పెట్టింది.

ఆ మర్నాడే, సాంబారు గిన్నె దించుతుంటే ఒలికి వీరమ్మాళ్ పాదం మీద పడింది. "అయ్యో, కాలు కాలిపాయె" అంటూ కూలబడింది. అన్నేళ్లలో ఆ ఆవరణలో ఆమె నోట వచ్చిన మొదటి తెలుగు మాట అదే.

కుళాయి పక్కన నిలబడ్డ కాళీశ్వరి లోటాతో నీళ్లు పట్టుకొచ్చింది. "కాలు సాపు అవ్వా, నీళ్ళు పోస్తా. మండుతా ఉండాదా?"

వీరమ్మాళ్ మంట మరిచిపోయి ఆ పిల్లనే చూసింది. బాగానే మాట్లాడుతున్నావే, టీచరు దగ్గర ఎందుకు మాట్లాడవని అడిగింది.

"టీచరు సెప్పేది నాకు తెలీదు అవ్వా. నేను మాట్లాడితే పిల్లోళ్ళు నగుతారు."

ఈ సంగతి హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పాలా వద్దా అని వీరమ్మాళ్ ఆలోచించింది. చెబితే తన సంగతీ బయటపడుతుంది. ఇన్నేళ్లు దాచుకున్నది ఈ వయసులో చెప్పుకోవడం సిగ్గనిపించింది. అయినా బడి వదిలాక హెడ్‌మిస్ట్రెస్ గది ముందు కాసేపు నిలబడి, లోపలికి వెళ్లి అంతా తమిళంలో చెప్పింది. పిల్ల చెవులకేమీ లేదంది. తన మూడో తరగతి కథ కూడా చెప్పింది.

సెల్వరాణి సొరుగులోంచి ఆ కాగితం తీసింది. దాన్ని చింపేసి, రేపటినుంచి రోజూ ఒక గంట ఒకటో తరగతిలో కూర్చోగలవా అని అడిగింది.

వీరమ్మాళ్ వెనక వరుసలో నేలమీద కూర్చుంది. టీచరు బొమ్మ చూపించి తమిళంలో చెప్పిన మాటను ఆమె తెలుగులో అంది. ఎవరూ నవ్వలేదు. కాళీశ్వరి ఇటు తిరిగి చూసింది. ఆ పిల్ల ఒక్కతే కాదు. ఇన్నాళ్లూ మందకొడి పిల్లలనుకున్న మరో నలుగురు కూడా తిరిగి చూశారు.

దీపావళి నాటికి కాళీశ్వరి తమిళంలో కథ చెప్పింది. మధ్యలో రెండు మాటలు తెలుగులో దొర్లినా ఆగలేదు. డిసెంబరులో తండ్రికి కోవిల్‌పట్టిలో పని దొరకడంతో ఆ పిల్ల బడి మారింది. వీరమ్మాళ్‌కు వారం రోజులు మనసు బాగాలేదు. కానీ మిగిలిన నలుగురూ తరగతిలో ఉన్నారు కాబట్టి వెళ్లి కూర్చునేది.

ఈ జూన్‌లో సెల్వరాణి కొత్త పిల్లల కోసం సందులు తిరిగేటప్పుడు వీరమ్మాళ్‌ను వెంట తీసుకెళ్లింది. ఒక ఇంట్లో తల్లి తలుపు సగమే తీసి నిలబడింది. లోపల పాప తెలుగులో ఏదో అడుగుతోంది. ఆ మాట విని వీరమ్మాళ్ ముందుకొచ్చి, "నేనూ మన బాసదాన్నే అమ్మణ్ణీ. పిల్లను పంపించు, నేను పక్కన కూసుంటా" అంది.

ఆ తల్లి తలుపు పూర్తిగా తీసి వాళ్లను లోపలికి రమ్మంది.