పేతురు ఇంట్లో ఎవరెవరున్నారు

పుంగనూరులో ఉషా టీచరంటే తెలియనివాళ్లు తక్కువ. ఇరవై రెండేళ్లుగా ప్రాథమిక పాఠశాలలో పని చేస్తోంది. ఆదివారం కూడా ఆమెకు సెలవు లేదు. పొద్దున్నే మందిరం వెనక రేకుల షెడ్డులో సండే స్కూలు. నలభై మంది పిల్లలు, ఒక నల్లబల్ల, అరిగిపోయిన చాప.

ఆమె తాత కూలి మనిషి. నాయన లక్ష్మయ్య కుప్పం దగ్గర బండలు కొట్టి, ఆ పని వదిలి బోధకుడై, నలభై ఏళ్లు సైకిలు మీద చౌడేపల్లె చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగినవాడు. ఇప్పుడాయనకు ఎనభై దాటాయి. భార్య పోయి ఎనిమిదేళ్లయింది. అప్పటినుంచి ఉషా దగ్గరే ఉంటున్నాడు. అల్లుడు అజయ్ బస్సు డిపోలో మెకానిక్కు. మామకు గడ్డం గీసేది, గోళ్లు తీసేది అతనే.

తాను ప్రభువు దగ్గరికి ఎలా వచ్చాడో లక్ష్మయ్య చెప్పే సాక్ష్యం సంఘంలో అందరికీ కంఠతా వచ్చు. "పేతురు పడవ వదిలినాడు, వల వదిలినాడు, పెండ్లాన్ని గూడా వదిలినాడు. నేను సుత్తి వదిలినా, ఊరు వదిలినా, కట్టుబట్టలతో మదనపల్లెకు వచ్చి ఆయన పాదాలకాడ పడినా" అనేవాడు. పెండ్లాన్ని అన్నచోట ఆయన గొంతు వణికేది. ముందు వరసలోని ముసలమ్మలు కొంగుతో కళ్లు తుడుచుకునేవాళ్లు. చిన్నప్పుడు ఉషా కూడా తుడుచుకునేది. అంత గొప్ప నాయన తనకున్నందుకు ఆమెకు లోలోపల గర్వం.

పోయిన ఏడాది జూలైలో, రెండో శనివారం, కుప్పంలో సండే స్కూలు టీచర్లకు ఒకరోజు తరగతి పెట్టారు. విషయం పన్నెండుమంది శిష్యులు. వాళ్లు ఏం పని చేసేవాళ్లు, ఎవరి కొడుకులు, ఒకరికొకరు ఏమవుతారు. చెప్పేది వెంకటస్వామిగారు, రిటైరైన హైస్కూలు హెడ్మాస్టరు. ఆయన బల్ల మీద సుద్దముక్కతో గీతలు గీస్తూ పోయాడు. పేతురు, అంద్రెయ అన్నదమ్ములు. యాకోబు, యోహాను అన్నదమ్ములు, జెబెదయి కొడుకులు, చేపల వేటలో పేతురుకు భాగస్తులు. ఫిలిప్పుది పేతురు ఊరే. ఆ సరస్సు ఒడ్డునే మత్తయి సుంకం వసూలు చేస్తూ కూర్చునేవాడు. అంటే ఈ చేపలవాళ్లు ఒకప్పుడు అతన్ని తిట్టుకుంటూ సుంకం కట్టినవాళ్లే అయ్యుంటారు. ఇక ఇంకో సీమోను, పరాయి రాజుకు సుంకం కట్టకూడదని పట్టుబట్టే గుంపులోవాడు.

"ఈళ్లంతా ఒకే బంతిలో కూసోని తినాల" అన్నాడు వెంకటస్వామిగారు. "మొదటి రోజు అన్నం ఎట్ల దిగిందో ఆలోచన చేయండి."

టీచర్లు నవ్వారు. తలా ఒక శిష్యుడి గురించి పది నిమిషాలు మాట్లాడాలి. ఉషా వంతుకు పేతురు వచ్చాడు. ఆమె తడుముకోకుండా మాట్లాడింది. నాయన మాటలే. చివర్లో నాయన సంగతి కూడా చెప్పింది. ఈ పక్క ఊరివాడే, పేరు లక్ష్మయ్య, బండ పనిలో ఎడమచేతి చిటికెన వేలు సగం పోయింది, పేతురులాగే అంతా వదిలేసి వచ్చాడు అని. చప్పట్లు కొట్టారు.

వెంకటస్వామిగారు మాత్రం కళ్లజోడు సర్దుకుని మెల్లగా అడిగాడు. "బాగా చెప్పినావమ్మా. పేతురు భార్యను వదిలేసినాడని యాడ ఉండాది?"

"అంతా వదిలినాడు గదా సార్" అంది ఉషా.

"పేతురు అత్తకు జ్వరమొస్తే ప్రభువు బాగు చేసింది పేతురు ఇంట్లోనే. అంద్రెయ గూడా ఆ ఇంట్లోనే ఉన్నాడు. పౌలు కొరింథువాళ్లకు రాసిన మొదటి ఉత్తరం తొమ్మిదో అధ్యాయం తియ్యి. పేతురు ఊర్లు తిరిగేటప్పుడు భార్యను వెంటబెట్టుకుని తిరిగినాడని ఉండాది."

తీసింది. ఉంది. ఒక్క వాక్యం. ఆ ఉత్తరం నాయన ఆమెకు పదేళ్ల వయసులోనే కంఠతా పట్టించాడు. ఆ వాక్యం ఒక్కటీ ఎందుకు పట్టించలేదో ఆమెకు అర్థం కాలేదు. పుస్తకం మూసి వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం బంతి భోజనాలు. సాంబారు వడ్డిస్తున్న ఆవిడకు యాభై పైనే ఉంటాయి. ఊర్లో ఒక హాస్టల్లో వంటమనిషి, మందిరంలో ఏ కూడిక జరిగినా వంట ఆవిడదే. పేరు రెడ్డెమ్మ. ఉషా ఆకు దగ్గరికి వచ్చి నిలబడిపోయింది.

"టీచరమ్మా, మీ నాయన పేరు లక్ష్మయ్య అంటివి. యా ఊరు?"

"రామకుప్పం దారిలో పల్లెమ్మా. ఎప్పుడో వచ్చేసినాడు. మాకు ఆడ ఎవురూ లేరు."

"చిటికెనేలు సగమే అంటివే."

"ఊఁ. బండ పడింది."

రెడ్డెమ్మ బకెట్టు కింద పెట్టింది. "మా నాయనకూ సగమే" అంది.

ఉషా కలిపిన ముద్ద కలిపినట్టే ఉండిపోయింది. బండలు కొట్టేవాళ్లలో వేళ్లు పోయినవాళ్లు ఎంతమందో ఉంటారని చెప్పబోయింది. తలెత్తి ఆవిడ ముఖం చూసింది. ఎడమ కనుబొమ మధ్యలో చిన్న ఖాళీ. రోజూ పొద్దున నాయన ముఖంలో, అద్దంలో తన ముఖంలో చూసే ఖాళీ.

తరగతి అయ్యేదాకా ఉషా ఎలా కూర్చుందో ఆమెకే తెలియదు. మూడు గంటలకు రెడ్డెమ్మ వెంట రైలు కట్ట దాటి ఆవలి వీధికి నడిచింది.

వసారాలో ఒక ముసలామె ఎవరో రైతు ఇచ్చిన విత్తనం శెనక్కాయలు ఒలుస్తోంది. రెడ్డెమ్మ వంగి ఆమె చెవిలో చెప్పింది. ముసలామె చేతులు ఆగాయి.

"బతికుండాడా?" అని అడిగింది.

ఉషా తల ఊపింది. ఫోను తీసి నాయన ఫొటో చూపించింది. ముసలామె దాన్ని దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ ముసిలాయన ఎవురో నాకు తెలీదు. నేనెరిగినోడు పిలగోడు." వేలితో ఫొటోలో చెయ్యి చూపించింది. "ఈ చెయ్యి తెలుసు. ఆ పొద్దు గుడ్డ కట్టింది నేనే."

ఆమె పేరు మారెమ్మ. పదిహేడో ఏట లక్ష్మయ్యను చేసుకుంది. రెడ్డెమ్మకు మూడేళ్లప్పుడు ఒకనాడు సంతకు పోయి వస్తానని పోయినవాడు మళ్లీ రాలేదు. క్వారీలో పడిపోయాడని కొందరన్నారు. మందిరమోళ్లలో కలిశాడని కొందరన్నారు. మారెమ్మ బిడ్డను చంకనేసుకుని కుప్పం మందిరానికి వచ్చి అడిగింది.

"మాకు తెలీదమ్మా అనిరి. మళ్లా ఆదివారం పోయినా. మళ్లా ఆదివారం. మూడేండ్లు పోయినా. అడగను పోయి పోయి ఆడ కూసోవడమే అలవాటైపోయె. పాటలన్నీ వచ్చేసె." ఒలిచిన విత్తనాలు చేటలోకి తోసింది. "మీయమ్మ ఉండాదా?"

"లేదు. పోయింది."

"అట్లనా." ఇంకో కాయ ఒలుస్తూ అంది, "నిన్ను నేనేమనేది లేదు. ఆమెను గూడా ఏమనను. ఆయన్ను ఒగ మాట అడుగు. పిలిచింటే నేనూ వచ్చుందును గదా. యాల పిలవలేదో అడుగు."

ఉషా బస్సులో వి.కోట దాటేదాకా కిటికీ కమ్మీ పట్టుకునే ఉంది. పక్కన కూర్చున్నామె, "వాంతొస్తాందామ్మా?" అని అడిగింది. ఇంటికి చేరాక నాయన, "తరగతి బాగా జరిగిందా తల్లీ?" అన్నాడు. "ఊఁ" అని లోపలికి పోయింది.

మరునాడు ఆదివారం. నల్లబల్ల మీద కపెర్నహూములో పేతురు ఇల్లు గీసింది. లోపల ఎవరెవరున్నారో రాయడం మొదలుపెట్టింది. పేతురు. తమ్ముడు అంద్రెయ. అత్త. ఆ పైన సుద్దముక్క కదల్లేదు. ఆ భార్య పేరు బైబిల్లో ఎక్కడా లేదు. పిల్లలు ఎదురు చూస్తున్నారు. ఉషా వాళ్లను పాట పాడమని చెప్పి బయటికి వచ్చి నీళ్ల ట్యాంకు పక్కన నిలబడింది.

ఆరాధన ముగిసి ఇంటికొచ్చాక నాయన మంచం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. అజయ్ గుమ్మంలో ఉన్నాడు. అతనికి అప్పటికే చెప్పింది.

"నాయనా, కుప్పంలో మారెమ్మ ఎవురు?"

లక్ష్మయ్య కన్ను కూడా ఆర్పలేదు. "ఎవురో. నాకు తెలీదు."

"రెడ్డెమ్మ?"

"తెలీదంటి గదా."

ఉషా ఆయన తలగడ పక్కనున్న పాత బైబిలు తీసి కొరింథు ఉత్తరం తెరిచింది. చెప్పాలనుకున్న మాట మరిచిపోయింది. తొమ్మిదో అధ్యాయంలో ఆ ఒక్క వాక్యం పక్కన పెన్సిలు గీత ఉంది. ఒక గీత కాదు. గీత మీద గీత, ఏళ్ల తరబడి గీసినవి, కాగితం చిరిగేదాకా. ఆమె ఆ పేజీని ఆయన ఒళ్లో పెట్టింది.

ఆయన ఆ గీతలను వేలితో తడుముతూ మాట్లాడాడు. గొంతు ప్రసంగాల్లో వినే గొంతు కాదు.

"మదనపల్లెలో బోధకుల చదువుకు చేర్చుకునేటప్పుడు పెండ్లైందా అని అడిగినారు. అయిందంటే ఇంటికి పంపిస్తారని ఎవురో అనిరి. మళ్లా ఆ బండల్లోకి పోను నాకు చేతకాలా. లేదంటి. ఒగసారి లేదన్నాక, మళ్లా ఉండాదని ఎట్ల చెప్పేది? సదువైనాక పిలిపించుకుందామనుకుంటి. సదువైనాక వాళ్లే మీయమ్మను చూపించి చేసుకోమనిరి."

"అమ్మకు తెలుసా?"

ఆయన ఆ పుస్తకం మూసేశాడు. ఉషా మళ్లీ అడిగింది.

"ఆస్పత్రిలో, పొయ్యే ముందర చెప్పినా. చెప్పకుండా పంపించలేకపోతి."

"ఏమనింది?"

"ఏమీ అనలా. మొగం గోడపక్కకు తిప్పుకుంది."

ఆస్పత్రిలో ఆ చివరి మూడు రోజులు ఉషాకు బాగా గుర్తు. అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు, నీళ్లు కూడా తాగలేదు. జబ్బు ముదిరి మాట పడిపోయిందన్నారు అందరూ. ఉషా మంచం పక్కన కూర్చుని, అమ్మా ఒక్కసారి ఇటు చూడు అని బతిమాలింది. అమ్మ చూడలేదు. గోడవైపు తిరిగే పోయింది.

ఆ తర్వాత నెల పైన ఉషా నాయనతో మాట్లాడలేదు. అన్నం అజయ్ పెట్టాడు, మందులు అజయ్ ఇచ్చాడు. పాఠశాలలో రిజిస్టరు ముందు పెట్టుకుని పిల్లల పేర్లు పిలుస్తూ మధ్యలో ఆగిపోయేది. మనసు ఇంకా ఆ ఆస్పత్రి మంచం పక్కనే ఉండేది.

చివరికి లక్ష్మయ్యే అజయ్‌తో అన్నాడట, కుప్పం పోవాలని. ఉషా రెడ్డెమ్మకు ఫోను చేసింది. అవతల తల్లీకూతుళ్లిద్దరూ ఏదో మాట్లాడుకోవడం వినిపించింది. "వస్తే రానీ అంటాంది" అని చెప్పింది రెడ్డెమ్మ.

పలమనేరు మీదుగా పోయారు. మారెమ్మ ఆయన్ను లోపలికి రమ్మనలేదు. వసారా కింద కుర్చీ వేయించింది. లక్ష్మయ్య కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆమె ఆయన్ను తలనుంచి కాళ్లదాకా చూసింది. యాభై ఏళ్లుగా అడుగుదామనుకున్న మాట సంతలో కూరగాయల ధర అడిగినట్టు మామూలుగా అడిగింది.

"నన్ను యాల పిలవలా?"

దారి పొడుగునా ఆయన ఏం చెప్పాలో గొణుక్కుంటూనే వచ్చాడు. ఉషా ఆయన పెదవులు కదలడం చూసింది. ఇప్పుడు మాత్రం, "నువ్వు రావనుకుంటి" అన్నాడు.

"అడిగింటే గదా తెలిసేది" అంది మారెమ్మ.

అంతే. ఇంకేమీ అడగలేదు. ఆయన ఏడ్చాడు. ఆమె ఏడవలేదు, ఏడవొద్దని కూడా అనలేదు. కాసేపటికి రెడ్డెమ్మను కేకేసి, "వాళ్లకు అన్నం పెట్టు. చీకటి పడకముందే బస్సెక్కించు" అని లోపలికి పోయింది.

వంటింట్లో రెడ్డెమ్మ గంటె పట్టుకుని నిలబడి ఉంది. "ఆయన ఏం తింటాడు?" అని అడిగింది. కన్నతండ్రి ఏం తింటాడో ఆ మనిషి తనను అడుగుతోంది. ఉషా పొయ్యి మీది గిన్నెల మూతలు తీసి చూసింది. "పప్పు పెట్టక్కా, చాలు" అంది.

ఇప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ ఆదివారం మధ్యాహ్నాలు ఫోనులో మాట్లాడుకుంటారు. ధరల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, ఆ రోజు పిల్లలకు చెప్పిన పాఠం గురించి. లక్ష్మయ్య మళ్లీ సాక్ష్యం చెప్పలేదు. పాస్టరుగారు పిలిచినా చెయ్యి అడ్డంగా ఊపి కూర్చుండిపోతాడు. ఉషా ఆయనకు అన్నం పెడుతోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. ఒక్కోసారి కంచం పెడుతూ ఆ సగం వేలు చూసి, ఈయన ఎవరు అనుకుంటుంది.

ఫోను పెట్టేసే ముందు రెడ్డెమ్మ ప్రతిసారీ, "ఆయన తిన్నాడా?" అని అడుగుతుంది. నాయన అనదు. ఉషా కూడా అనమని అడగలేదు.