అత్తగారి గొంతు

బస్టాండులో బస్సుల రాకపోకలు చెప్పే ఆవిడను అందరూ మైకమ్మ అనేవారు. ఖంగుమనే గొంతు. ఆవిడ నోరు విప్పితే కునుకు తీస్తున్న కండక్టరు కూడా ఉలిక్కిపడి లేచేవాడు. అలాంటి గొంతు కొన్నాళ్లుగా జీరపోతోంది. ఒకరోజు బస్టాండు ఊడ్చే ముసలాయన, ఆవిడ వీధివాడే, చీపురుతో అలాగే నిలబడిపోయాడు.

“పోయిన మీ అత్తగారు మాట్లాడినట్టే ఉందమ్మా!” అన్నాడు.

నిజమే అనిపించింది మైకమ్మకు. అత్తగారిది అచ్చం ఇదే బొంగురు గొంతు. చివరికి మాట పడిపోయి, సైగలు చేస్తూనే కన్నుమూసింది.

“మా ఇంటి ఆడవాళ్ల గొంతే అంత. మా నాయనమ్మదీ ఇంతే,” అన్నాడు ఇంట్లో ఈ సంగతి విన్న భర్త, అదేదో తాతలు సంపాదించి పెట్టిన ఆస్తి అయినట్టు.

అప్పటినుంచి మైకమ్మకు తన గొంతంటేనే భయం పట్టుకుంది. వంటగదిలో పలికితే వెనక అత్తగారు నిలబడి పలికినట్టే ఉండేది. దగ్గు ఎక్కువై, వంటపని కూతురికి అప్పగించింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గొంతులోకి లైటు వేసి చూసింది.

“లోపలి పొర కమిలి వాచిపోయింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. పొగ తాగుతారా?”

“అయ్యో, లేదండీ!”

“మరి ఇంట్లో పొగ?”

“బొగ్గుల పొయ్యి ఉందండీ. కిటికీలో గుడ్డ కుక్కి వండుతాం. గాలి తగిలితే బొగ్గు ఊరికే కాలిపోతుందని అత్తగారు నేర్పారు. ఆవిడకు వాళ్ల అత్తగారు...”

మాట మధ్యలోనే ఆగిపోయింది. ముగ్గురూ కోడళ్లే. ముగ్గురూ బయటినుంచి వచ్చినవాళ్లే. ఒకరి రక్తం ఒకరిలో చుక్కయినా లేదు. ఒకరినుంచి ఒకరికి వచ్చింది ఆ వంటగది, ఆ గుడ్డ, అంతే.

మైకమ్మ పడుతూ లేస్తూ ఇంటికి వచ్చి తలుపు తోసింది.

“ఎవరూ?” అని వంటగదిలోంచి అత్తగారు అడిగింది.

మైకమ్మ గోడ పట్టుకుని లోపలికి నడిచింది. పొగలో పొయ్యి ముందు కూతురు ఒక్కతే కూర్చుని ఉంది. మైకమ్మ కిటికీలోంచి మసి పట్టిన గుడ్డను లాగి పారేసింది.

“ఎందుకమ్మా తీశావు?” అంది ఆ పిల్ల, బొంగురు గొంతుతో. “నువ్వు నేర్పినట్టే కదా కుక్కాను.”