ఉప్పునీళ్ల వైద్యం

మొన్న మా బట్టలుతికే మిషను షాక్ కొడుతోందని మెకానిక్‌ను పిలిపిస్తే, వెనక రేకు విప్పి చూసి, "పెద్దదేం కాదండి. బాగుచేసేమంటే ఇంకో రెండేళ్లు లాగేస్తదండి, ఆయ్" అన్నాడు. ఆ మాటతో కొత్తపేట దగ్గర మా పిన్నిగారి పెరటి వసారా కళ్లముందుకు వచ్చింది. "వద్దు బాబూ, తీసుకుపొండి" అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు.

పిన్నిగారి మిషను అప్పటికే ముసలిది. తిరిగేటప్పుడు వసారా రేకులు కూడా దానితో పాటు గొణిగేవి. ముట్టుకుంటే జివ్వుమనేది. ఆ జివ్వుకు ఇంట్లో ఒక మర్యాద ఏర్పడింది: కాళ్లకు రబ్బరు చెప్పులు, చెప్పుల కింద చెక్కపీట, ముందుగా చేతి వెనకభాగంతో ఒకసారి తాకి చూడటం. వచ్చిన చుట్టాలకు కాఫీతో పాటు ఈ జాగ్రత్త కూడా అందేది. కొత్తది కొందామని పిన్నిగారు, తిరుగుతున్నదాన్ని మార్చడమేమిటని బాబాయిగారు రెండు వర్షాకాలాలు వాదించుకుని, చివరికి తీర్పు నాకు వదిలారు.

"లైబ్రరీ అంతా నమిలేశావు కదరా, నువ్వు చెప్పు" అన్నారు బాబాయిగారు.

పదో తరగతితో బడి మానేసిన నాకు మిగిలిన చదువంతా గ్రంథాలయం బల్ల దగ్గరే అబ్బింది. ఇంటి కరెంటు గురించిన పుస్తకంలో ఎర్తింగు అధ్యాయం రెండుసార్లు చదివాను. తరవాతి అధ్యాయం మొదలుపెట్టేలోగా గడువు తీరి పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. "మిషను తప్పు కాదండి, కారిన కరెంటును నేలలోకి దింపే ఎర్తు గొయ్యి ఎండిపోయింది" అని, పెరట్లోని ఆ గొయ్యిలో రెండు బిందెల ఉప్పునీళ్లు పోయించాను. జివ్వు మాయమైంది. పిన్నిగారు అరచేత్తో మిషనును నిమిరి, "చదువంటే ఇదీ!" అన్నారు. ఆ వారమే పీట పొయ్యిలోకి వెళ్లింది.

తరవాత ఫ్యూజు మాటిమాటికీ పోవడం మొదలైంది. మిషను లోపల కరెంటు ఇంకా కారుతోందనడానికి అది హెచ్చరిక అని నేను చదవని అధ్యాయంలో ఉందట. బాబాయిగారు విసుగెత్తి, ఇక తెగకుండా ఫ్యూజుకు లావు తీగ చుట్టారు. ఆ తీగ అందించింది నేనే.

వేసవిలో కాలవలకు నీళ్లు కట్టేశారు. నుయ్యి అడుగంటింది, ఎర్తు గొయ్యి ఉప్పు పేరుకుని తెల్లగా ఎండింది. ఒక ఉదయం నేను వసారాలో పేపరు చదువుతుంటే, పిన్నిగారు తడికాళ్లతో వెళ్లి తిరుగుతున్న మిషనులోంచి దుప్పటి తీయబోయారు. కేక వినిపించలేదు. తలెత్తేసరికి మిషనుకు అతుక్కుని నిలబడి ఉన్నారు, నోరు తెరిచి, కళ్లు నావైపే పెట్టి. లేచాను కాని, ఏం చేయాలో చదివిన ఒక్క ముక్కా గుర్తు రాలేదు. అంతలో మిషను దానంతటదే ఆగింది. పిన్నిగారు కూలబడ్డారు. తీగల మీదికి వాలిన కొబ్బరిమట్టలు కొట్టడానికి లైన్‌మన్ సరిగ్గా అప్పుడే ఊరికి కరెంటు తీసేశాడని తరవాత తెలిసింది.

సాయంత్రం మంచం మీద కూర్చుని పిన్నిగారు, "ఇప్పుడేం చేద్దామంటావురా? బాగుచేయిద్దామా, కొత్తది కొందామా?" అని అడిగారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నన్నింకా నమ్ముతున్నారు. జీవితంలో మొదటిసారి, "నాకు తెలీదండి" అన్నాను.

పిన్నిగారు ఈమధ్యే డెబ్భై దాటారు. ఆ వేసవి తరవాత ఆవిడ గడిపిన ఏళ్లన్నీ ఒక లైన్‌మన్ ఆ ఉదయం కాస్త పెందరాళే పనిలోకి దిగడం వల్ల వచ్చినవని నాకు తెలుసు; అతనికి తెలియదు.