పాత పడుగు కొస

మొన్న నా ల్యాప్‌టాప్ మరీ మొరాయిస్తోందని తిరుపతిలో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్ళాను. అక్కడి మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కొత్త హార్డ్ డిస్కు వేసి, పాతదాంట్లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు అందులోకి దించేస్తాననీ, దాన్నే క్లోనింగ్ అంటారనీ, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. తల నెరిసిన ఆడదానికి ఇంతకన్నా వేగంగా చెబితే ఎక్కదనుకున్నాడేమో పాపం. నేను అంతా విని, "పేరు లేని చిన్న ముక్క ఒకటి ముందర ఉంటాది. దాన్ని మాత్రం మర్చిపోవద్దప్పా" అన్నాను. అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టి నన్ను కొత్తగా చూశాడు. కొన్నేళ్ళ కిందట ఆ ముక్క కోసం పుత్తూరులో మా అక్క, బావ, నేను ఒక పూటంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న సంగతి అతనికెట్లా తెలుస్తుంది? ఇంటికొచ్చే దారంతా నాకు నేనే నవ్వుకుంటూ వచ్చాను.

మా బావ వాళ్ళది మగ్గాల ఇల్లు. వెనక రేకుల షెడ్డులో మరమగ్గాలు, ముందు గదిలో కంప్యూటరు. బావ చేతికి స్క్రూడ్రైవర్ దొరికితే ఇంట్లో మిక్సీ మొదలుకొని నీళ్ళ మోటారు దాకా అన్నిటికీ గండమే. "ఈ ఇంట్లో నువ్వు విప్పనిది మా అక్క నోరొక్కటే బావా" అని మరదలి హక్కుతో ఏడిపించేదాన్ని. దాన్ని విప్పే పని తనకు ఏనాడూ పడలేదనేవాడాయన. ఆ కంప్యూటరు మాత్రం అక్కది. తెర మీద గళ్ళు, ఆ గళ్ళలో చుక్క చుక్కగా చీరల డిజైన్లు వేసేది. ఆ డిజైను ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గం మీద వేలాడదీస్తే, రంధ్రాన్నిబట్టి పోగులు లేచి చీర మీద పువ్వులు పూస్తాయి. ఆ డిజైన్ల ప్రోగ్రామును అమ్మిన మనిషి ఎప్పుడో దుకాణం మూసేశాడు. అది ఆ ఒక్క కంప్యూటరులోనే నడుస్తుంది, అందులో వేసిన డిజైను ఇంకెక్కడా తెరుచుకోదు.

అక్క తన కూతురి పెళ్ళి కుదిరిన యేడు అందులో వేసింది మా అమ్మ పెళ్ళిచీర బోర్డరు. నారాయణవనంలో మా తాత తన చేత్తో నేసిన చీర అది. అంచు పొడుగునా హంసలు, వరసకట్టి నడుస్తున్నట్టు. వరసలో చివరి హంసకు కన్ను ఉండదు. తాత అట్ట కొట్టేటప్పుడు ఒక రంధ్రం మరిచిపోయాడు, దాంతో చీర పొడుగునా ప్రతి వరసలోనూ చివరిది గుడ్డిదే. మా అమ్మ ఆ చీర కట్టుకున్నప్పుడల్లా ఆ హంసను మడతల్లోకి దాచేది, అడిగినవాళ్ళకు మాత్రం తానే బయటికి లాగి చూపించేది. అమ్మ పోయాక చీరను తీస్తే మడతమడతకూ పిగిలిపోయింది. పూర్తిగా పొడి కాకముందే అక్క దాన్ని బల్ల మీద పరుచుకుని, వంటపని అయ్యాక రోజూ కాసేపు కూర్చుని, పోగు పోగు లెక్కపెట్టి కంప్యూటరులోకి ఎక్కించింది. కూతురి ముహూర్తం చీరకు అదే అంచు. మంచిరోజు చూసి అట్టలు కొట్టడమే తరువాయి అనుకుని, ఒక మగ్గాన్ని ఖాళీగా ఉంచారు కూడా.

సరిగ్గా అప్పుడే ఆ కంప్యూటరు లోపల్నుంచి బల్లి అరిచినట్టు టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైంది. బావకు పండగ వచ్చినట్టయింది. కొత్త డిస్కు తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, క్లోనింగ్ సీడీ వేసి అంతా దించేశాడు. అయితే పాత డిస్కును వెంటనే తీసేయడానికి మనసొప్పక, పెద్దదిక్కుగా ఉంటుందిలే అని కంప్యూటరు పెట్టెలోనే ఉంచాడు. మిషను చక్కగా లేచింది. కొత్తది నడుస్తోందని వీధంతా మైసూర్‌పాకు పంచాడు. నాకు ఫోన్ చేసి మరీ గొప్పలు పోయాడు. ఆ తర్వాత ఒక ఉదయం పాతదాన్ని ఊడదీశాడు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు వరసలు, అంతే. బెదిరిపోయి పాతదాన్నే మళ్ళీ తగిలిస్తే, తీయడంలో ఏం కుదుపు తగిలిందో, అది సగం దాకా లేచి బిగుసుకుపోయింది.

"అన్నీ దాంట్లోనే ఉండాయి మే, లేవడమే లేదు. బిన్నా రా" అని బావ ఫోను. నేను ఆఫీసులో కంప్యూటరు మీద బిల్లులు కొట్టేదాన్ని కాబట్టి బావ లెక్కలో నేను ఇంజనీరును. పుత్తూరు బస్సెక్కాను. వడమాలపేట దాటేదాకా ఫోనులో ఇట్లాంటి జబ్బుకు మందేమిటని వెతుకుతూనే ఉన్నాను. చెప్పొద్దూ, భయం ఎంత ఉందో హుషారూ అంతే ఉంది. వెళ్ళేసరికి పెట్టె మూత తీసి, తీగలన్నీ బయటికి లాగి పరిచి ఉన్నాయి. విరిగిన ఎముకలు అతికించుకోవడానికి ఎక్కడెక్కడి వాళ్ళో తమ పుత్తూరికి వస్తుంటే, ఒక డిస్కును తాము అతికించుకోలేమా అని బావ ధైర్యం చెబుతున్నాడు. అక్క గడప మీద కూర్చుని ఉంది. నేను సంచీ కింద పడేసి ఆమె పక్కన కూర్చున్నాను.

"అమ్మ చీర ఇంక యాడా లేదు మే. ఈ పెట్టెలోనే ఉండాది" అంది.

క్లోనింగ్ సీడీతోనే మిషను లేపి రెండు డిస్కులూ పక్కపక్కన చూశాం. కొత్తదాంట్లో ఒకటే పెద్ద ముక్క, పార్టిషన్ అంటారు దాన్ని. పాతదాంట్లో ఆ పెద్ద ముక్కకు ముందు ఇంకోటి ఉంది, చిటికెన వేలంత, పేరూ లేదు, అక్షరమూ లేదు. దీన్ని దించలేదా బావా అని అడిగాను. దాంట్లో ఏమీ కనబడలేదని, కండె చివర మిగిలిన దారం లాంటిదేనని వదిలేశానన్నాడు. గడప మీదనుంచి అక్క లేచి వచ్చింది. "మగ్గం ఇంట్లో పుట్టినోడివి. పాత పడుగు కొస కూడా కోసేస్తే కొత్త పడుగును దేనికి అతుకుతావు?"

మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినా చివరి మూరెడు కోసెయ్యరు. అది పోగులు దూరే అచ్చులోనే ఉంటుంది. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకు ముడివేసి లాగితేనే నేత మొదలవుతుంది. అట్లాగే, నేను దారిలో ఫోనులో చదివినదాన్నిబట్టి, పొద్దున్నే మిషనును నిద్రలేపే పని ఆ చిటికెన వేలి ముక్కదట. మైసూర్‌పాకు తిన్నన్నాళ్ళూ మిషనును లేపిందీ నడిపిందీ ఆ పాతదే. బావ తల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ ఆగలేదు. దొరికింది, జబ్బు దొరికింది! పెద్ద ముక్క ఎటూ క్షేమంగా కొత్తదాంట్లో ఉంది. టిక్కుటిక్కుమంటున్న ఆ పాతదాన్నుంచి చిన్న ముక్క ఒక్కటి ప్రాణంతో బయటపడితే చాలు.

కరెంటు కిందామీదా కాకూడదని బావ షెడ్డులోకి పరుగెత్తి మగ్గాలన్నీ ఆపేశాడు. ఆ ఇంట్లో మగ్గాల మోత ఆగడం నేనెప్పుడూ వినలేదు. ఎవరికైనా ఏమైనా అయిందా అని పక్కింటివాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బావ వాళ్ళకు పడుగు నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పాడు. వాళ్ళూ కదలకుండా నిలబడిపోయారు. తెర మీద పచ్చగీత జరిగింది, ఆగింది, డిస్కు టిక్కుమంది, మళ్ళీ జరిగింది. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగుతున్నా నేను ఊరుకున్నాను.

గీత నిండింది. ఈసారి పాతదాన్ని తీసి పక్కన పెట్టాకే మీట నొక్కాం. మళ్ళీ అదే నల్లతెర. గుమ్మంలో ఎవరో అయ్యో అన్నారు. నాకు మాత్రం బస్సులో చదివింది చటుక్కున గుర్తొచ్చింది. ముక్కను దించితే సరిపోదు, నిద్రలేవాల్సింది ఇక్కడినుంచే అని దాని మీద గుర్తు పెట్టాలి. సీడీ వేసి గుర్తు పెట్టాం. మీట నొక్కాం. తెర నల్లగా ఉంది, ఇంకా నల్లగానే ఉంది, అప్పుడు మధ్యలో చిన్న వెలుగు తిరగడం మొదలైంది. బావ ఎగిరి గంతేస్తే తల ట్యూబులైటుకు తగిలింది.

అక్క బావను పక్కకు జరిపి తన కుర్చీలో కూర్చుంది. ప్రోగ్రాము తెరిచి, బోర్డరు తెరిచి, ముందువాటినేవీ చూడకుండా వరస చివరికి లాక్కుపోయింది. "కన్ను లేదు సూడు" అంది, కళ్ళు తుడుచుకుంటూ. మాకు ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది. వెనక షెడ్డులో ఒక్కొక్క మగ్గమే మళ్ళీ మోత అందుకుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర బావ, పనిలో పనిగా ఆ హంసకు ఒక చుక్క పెట్టేస్తే పోయేది గదా అన్నాడు. అక్క ఆయన విస్తట్లో పప్పు వడ్డించబోయి ఆగి, ఒక్క చూపు చూసింది. బావ ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

ఆ అంచుతో నేసిన చీర మా అక్క కూతురి ముహూర్తానికి అందింది. ఆ పిల్లకూ ఇప్పుడు బడికెళ్ళే కూతురుంది. పోయిన వారం మా ఇంటికొచ్చినప్పుడు వాళ్ళమ్మ కట్టుకున్న ఆ చీర అంచు మీద వేలు పెట్టి నడిపించుకుంటూ వెళ్ళి, చివర ఆగి, "అవ్వా, దీని కన్ను యాడికి పోయింది?" అని నన్ను అడిగింది. మా తాత ఏదో ఆలోచనలో ఒక రంధ్రం మరిచిన ఆ క్షణం ఏనాడో గడిచిపోయిందనుకుంటాం గానీ, అట్ట నుంచి చీరకు, చీర నుంచి పెట్టెకు, ఆ పెట్టెలోనే పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు మారుతూ, అది ఇంకా ఆ చిన్నదాని వేలి కింద నడుస్తూనే ఉంది.