పూలజడ ఫోటోలో నా వేళ్ళు

మొన్న మద్రాసులో మా అమ్మాయి నన్నొక ఫోటోల ప్రదర్శనకు లాక్కుపోయింది. చల్లటి హాలు, తెల్లటి గోడలు, ఒక్కో ఫోటో ముందు గడ్డం నిమురుకుంటూ ఒక్కో పెద్దమనిషి. ఒక ఫోటోలో వరండాలో కూర్చున్న ముసలాయన పక్కన ఎవరిదో మోచెయ్యి కనిపిస్తోంది, మోచెయ్యి వరకే. మా అమ్మాయి ఆ ముసలాయన ముఖం మీది వెలుగు గురించి ఏదో చెబుతూ ఉంది. ఆ మోచేతి తాలూకు మనిషి ఈ ఫోటో చూస్తే ఏమంటుందో అని నేను ఆలోచిస్తున్నాను. ఏమంటుందో ఈ భూమ్మీద నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మా అమ్మమ్మ వాళ్ళది అల్లూరు. అరవైల మొదట్లో నేను నెల్లూరు కాలేజీలో చదువుకుంటూ సెలవులకు అక్కడికి పోయేదాన్ని. మా పిన్ని కూతురు, నాకు చెల్లెలు, అదీ వచ్చేది. మా మేనమామ ఆ ఊళ్ళోనే డ్రాయింగు మాస్టారు. ఆయనకొక కెమెరా ఉండేది. తోలు సంచీలో పెట్టి మెళ్ళో వేసుకుని, సైకిలెక్కి సర్వి తోపుల్లోంచి సముద్రానికి పోయేవాడు. పడవలు, ఇసకలో ఆరేసిన వలలు, ఎండబెట్టిన చేపలు, అన్నీ తీసేవాడు. మమ్మల్ని తియ్యమంటే మాత్రం, "మొహాలు స్టూడియోవాడు తీస్తాడు మే, నేను వెలుతురు తీస్తా" అనేవాడు. ఎండుచేపల మీద పడే ఆ వెలుతురు మా మీద ఎందుకు పడదో నాకు అర్థమయ్యేది కాదు.

అలాంటి మామకి ఒక వేసవిలో మనుషుల అవసరం పడింది. నెల్లూరులో ఫోటోల ప్రదర్శన పెడుతున్నారట, పడవలతో పాటు పూలజడ ఫోటో ఒకటి పంపాలని ఆయనకి బుద్ధి పుట్టింది. పూలజడ వేస్తే ఆడపిల్ల వెనక నిలువుటద్దం పెట్టి, ఎదురుగా ముఖమూ, అద్దంలో జడా రెండూ పడేటట్టు తియ్యడం మా వైపు ఆనవాయితీ. పొద్దున్నుంచీ అమ్మమ్మా, పిన్నీ కూర్చుని మల్లెమొగ్గలూ, కాలవగట్టు మీద కోసుకొచ్చిన మొగలిరేకులూ కుట్టి, నాకూ చెల్లెలికీ చెరొక జడ వేశారు. ఒక మాట చెప్పకపోతే నాకు అన్నం అరగదు. దాని జడలో సగం సవరం. నాది నడుము దాటిన సొంత జుట్టు. రంగు దానిదే, ఒప్పుకుంటాను. కానీ అది పూలజడ ఫోటోనా, పౌడరు డబ్బా మీది బొమ్మా?

మొగ్గలు విచ్చుకుంటే జడ ఆకారం చెడుతుంది. మామ సముద్రం నుంచి వచ్చేసరికి అవి అప్పటికే నోళ్ళు తెరుస్తున్నాయి. ఆయన కెమెరా చూసుకుని తల గోక్కున్నాడు.

"రీలంతా పడవలకే పోసినావా మామా?" అన్నాను.

"ఒకటుండాదిలే."

"జడలు రెండుండాయి గదా!"

అమ్మమ్మ తీర్పు చెప్పేసింది. "అది చిన్నది గదమ్మే, దాన్ని తియ్యనీ. నువ్వు అద్దం పట్టుకో. నీకు బలముండాది."

బీరువా తలుపు నుంచి ఊడదీసిన అద్దం అది. రెండు చేతులా నిలబెట్టి పట్టుకున్నాను. నా పూలజడ నా వీపున, నేను అద్దం వెనక, నా ముక్కుకెదురుగా అద్దం వెనక చెక్క, చెక్క మీద బల్లిగుడ్లు. "కదలబాకు" అని మామ అరిచింది కూడా నా మీదనే.

ప్రదర్శన ఒక బళ్ళో పెట్టారు. బల్లలు నిలబెట్టి, నల్లగుడ్డ చుట్టి, ఫోటోలు గుండుసూదులతో గుచ్చారు. పడవల దగ్గర ఎవరూ లేరు. గుంపంతా పూలజడ ముందే ఉంది. చెల్లెలు అదే ఓణీ వేసుకుని, ఏమీ ఎరగనట్టు ఆ ఫోటో పక్కనే నిలబడి కాలి బొటనవేలితో నేల రాస్తోంది. ఫోటో చెడిపోయి ఉంటే నేను హాయిగా ఇంటికి పోయేదాన్ని. చాలా బాగుంది, అదీ నా ఏడుపు. అద్దం అంచున మాత్రం నా వేళ్ళు స్పష్టంగా పడ్డాయి. ఆ హాలంతటికీ అవే నావి.

ఇంతలో మద్రాసు నుంచి వచ్చిన ఒక కళ్ళజోడు పెద్దాయన ఫోటో అంచుకి తన అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. "బ్రహ్మాండంగా ఉంది మాస్టారూ. ఈ వేళ్ళే కంట్లో నలుసులా ఉన్నాయి. అంచు కత్తిరించెయ్యండి."

"వేళ్ళు తీసేస్తే అద్దం గాల్లో నిలబడిందనుకోవాలా అండీ?" అన్నాను.

"మీరెవరమ్మా?"

"ఆ వేళ్ళు నావి."

ఆయన నా చెయ్యీ ఫోటోనూ మార్చి మార్చి చూశాడు. "కళలో ఎవరివన్నది ముఖ్యం కాదమ్మా."

"మీవైతే ముఖ్యమయ్యేదండీ."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మామ నవ్వలేదు. "దానికి నోరెక్కువ లెండి. కత్తిరిస్తాను" అన్నాడు, నా కళ్ళెదుటే.

బస్సులో అల్లూరు దాకా పోట్లాడాను. "వేళ్ళ కోసరం ఇంత గొడవేందిమే?" అని విసుక్కున్నాడు మామ.

"అందులో నాకుండేది అవే గదా మామా!"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తరవాత వేసిన కాపీలన్నీ అంచు కత్తిరించే వేశాడు. మొదటిది వానల్లో చెమ్మ పట్టి పోయిందన్నారు.

చెల్లెలి ఇంట్లో కత్తిరించిన కాపీయే ఫ్రేము కట్టి ఉంది. నిరుడు పోయినప్పుడు, అలవాటు కొద్దీ, నేను దానికి వీపు పెట్టి కూర్చున్నాను. చెల్లెలు కాఫీ తెచ్చి ఫోటో ముందే ఆగింది. దానికిప్పుడు షుగరు, మోకాళ్ళ నొప్పులు, నిమ్మకాయంత జుట్టుముడి.

"ఇది తీసి లోపల పెట్టేస్తానక్కా" అంది. "ఇంటికొచ్చినోళ్ళు దాన్ని చూసి, నన్ను చూసి, ఎవరీ పిల్ల అని అడుగుతుండారు. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండతాది."

మొదట నా ప్రాణం హాయిగా ఉంది, అబద్ధం ఎందుకు? తరవాత లేచి నేనూ చెల్లెలి పక్కన నిలబడి ఫోటో చూశాను. ఆ పిల్ల మా ఇద్దరినీ ఎరగనట్టే చూస్తోంది. నా అంచుకు కత్తెర పెట్టింది మామ. ఆయన నా ఒక్కదాని వేళ్ళే తీశాడు. కాలం అట్లా పక్షపాతం చూపలేదు, అద్దం ముందున్నదాన్ని కూడా ఫోటోలోంచి బయటికి పంపేసింది.