ఒక్క జీతం ఇల్లండీ మాది

గుండె నొప్పితో మెలికలు తిరిగిపోతున్న మనిషి దగ్గర కూర్చుని, ఇల్లు గడవడానికి సలహా చెప్పమని అడగడం పిచ్చా, మర్యాదా? కేశవరావు ఈ ప్రశ్నని అంబులెన్సుతో పాటే ఏళ్ళ తరబడి నడిపాడు. జవాబు దొరకలేదు. ఇది రాస్తున్న చేతికీ ఇంతవరకు దొరకలేదు.

కేశవరావు బండి నడిపేవాడు. వాళ్ళ ఉద్యోగంలో డ్రైవర్ని పైలట్ అంటారు. మురమళ్ళ నుంచి అమలాపురం ఆసుపత్రికి వెళ్ళే రోడ్డులో ఉన్న గోతుల పుణ్యమా అని ఆ పేరు అతనికి కొంతవరకు న్యాయంగానే దక్కింది. వెనకాల రోగి పక్కన కూర్చుని ఆక్సిజన్ పెట్టడం, సెలైన్ ఎక్కించడం, రక్తం ఆపడం శ్యామ్ బాబు పని. ఆ పని చేస్తూనే శ్యామ్ బాబు రోగికి తన ఇంటి గోడు వెళ్ళబోసుకునేవాడు. బండి ఎక్కించిన ప్రతి మనిషికీ. ముసలీ ముతకా, ఉన్నవాడూ లేనివాడూ అన్న తేడా లేదు. ముందు మాట కూడా ఎప్పుడూ ఒకటే.

"ఒక్క జీతం ఇల్లండీ మాది. మీలాంటి పెద్దలు ఓ సలహా చెప్పాలి."

కేశవరావు మొదటిసారి ఆ మాట విన్నది కనకమహాలక్ష్మి గారి విషయంలో. ఆవిడ నూతి గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. బండి కదిలిన దగ్గర్నుంచి ఆవిడ కేకలు కాలవ అవతలి గట్టు దాకా వినిపిస్తున్నాయి. ఉన్నట్టుండి వెనక నుంచి శ్యామ్ బాబు గొంతు.

"ఒక్క జీతం ఇల్లండీ మాది. ఏడాది ఆవకాయ కాస్తా బూజు పట్టిందండి. ఇంక ఏం తినమంటారు చెప్పండి?"

కేకలు ఆగాయి. "బూజా? జాడీలో తడి చెయ్యి పెట్టుంటుంది మీ ఆవిడ!"

"లేదండి, పొడి చెయ్యేనండి."

"అయితే ముక్క తుడవలేదు. తుడిచిందా? గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టిందా?"

"నీడనా అండీ? ఎండలో పెట్టిందండి."

"నా తల్లే! ఎవరు నేర్పేరయ్యా ఆ పిల్లకి?"

ఆసుపత్రిలో దింపి లోపలికి తోసుకుపోతున్నా ఆవిడ స్ట్రెచరు మీంచి వేలు పైకెత్తి, "నూనె పైకి తేలాలని చెప్పు! ముక్క కనపడకూడదు!" అని అరుస్తూనే ఉంది. డ్యూటీ డాక్టరు తుంటి సంగతి అడిగితే, "తుంటికేం లెండి, అటు చూడండి, ఆ అబ్బాయి సగం విని వెళ్ళిపోతున్నాడు" అంది.

తిరుగుదారిలో కేశవరావు ఉండబట్టలేక అడిగాడు. "మీ ఇంట్లో ఆవకాయ పాడైపోయిందేవిట్రా?"

"మేం పెట్టుకోలేదండి ఈ ఏడు" అని కళ్ళు మూసుకున్నాడు శ్యామ్ బాబు.

తర్వాత సత్తిబాబు అనే రైతు. కొబ్బరి తోటలో పాము కరిచింది. ఆ మనిషి కాలు చూసుకుంటూ, పెళ్ళాం పేరు చెప్పుకుంటూ ఏడుస్తున్నాడు. శ్యామ్ బాబు కట్టు సరిచేసి, సూది గుచ్చి, మొదలెట్టాడు. "ఒక్క జీతం ఇల్లండీ మాది. ఉన్న నాలుగు కొబ్బరి చెట్లకీ పిందె రాలిపోతోందండి." అంతే. సత్తిబాబు పామును మరిచిపోయి అమలాపురం దాకా వేపపిండి గురించి, కొమ్ము పురుగు గురించి ఉపన్యాసం ఇచ్చాడు. వారం తిరక్కుండా తన ఇంట్లోంచే ఓ బస్తా వేపపిండి మోసుకొచ్చి, అంబులెన్సు ఆగే రేకుల షెడ్డులో పడేసి, "మొదట్లో వెయ్యకు శ్యామ్ బాబూ, చుట్టూ పాదు తీసి వెయ్యి" అని చెప్పి మరీ వెళ్ళాడు.

"నీకు కొబ్బరి చెట్లెక్కడివిరా? చాప పరుచుకునేంత జాగా లేదు కదా!" అన్నాడు కేశవరావు.

"నాకు లేవండి. ఆయనకున్నాయి కదండీ."

ఇదొక జవాబా! ఇక అప్పట్నుంచి కేశవరావు లెక్క పెట్టుకోవడం మానేశాడు. మేస్త్రీ కాలు విరిగితే శ్యామ్ బాబు ఇంటి గోడ నెమ్ము ఎక్కేది. కుట్టు పనిచేసే ఆవిడకి ఆయాసం వస్తే అతని భార్య కుట్టు మిషను దారం తెంపేది. చేపలమ్మే ముసలమ్మ ఎక్కితే పులుసు నీళ్ళలా జారిపోయేది. ఆ ఇంట్లో సరిగ్గా ఉన్నది ఒక్కటీ లేదు. అన్నీ ఒక్క జీతం మీదే. బతికి బయటపడ్డ వాళ్ళందరూ షెడ్డుకి వచ్చి, చెప్పినట్టు చేశాడా లేదా అని నిలదీసేవారు. శ్యామ్ బాబు డ్యూటీ దిగి వెళ్ళిపోయి ఉంటే తిట్లు తినడం కేశవరావు వంతు.

నిజానికి శ్యామ్ బాబుది ఒక్క జీతం ఇల్లే. కొత్తపేటలో చిన్న అద్దె వాటా. భార్య సుప్రియ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేది. అత్తగారు దానమ్మకి పక్షవాతం వచ్చి మంచం పట్టాక మానేసింది. ఒక్కతే కూతురు నిఖిత, కాలేజీలో చదువుతోంది. రెండు జీతాల్లో ఒకటి ఆగిపోయినా ఖర్చుల్లో ఒక్కటీ ఆగలేదు. శ్యామ్ బాబు ఇతరుల డ్యూటీలు కూడా అడిగి తీసుకునేవాడు. బస్సులో నిలబడి నిద్రపోయేవాడు. కళ్ళు ఎప్పుడూ ఉల్లిపాయలు తరిగినట్టుండేవి.

కాని కేశవరావు అడిగితే మాత్రం గోడు లేదు. ఖాళీ బండిలో తిరిగి వస్తున్నప్పుడు, "ఇంట్లో ఎలా ఉందిరా?" అంటే, "బావుందండి" అనేవాడు. ఎప్పుడు అడిగినా అదే. ఒకసారి అమలాపురం బజారులో చెప్పుల కొట్టు మెట్లు దిగుతూ కనపడ్డాడు. కొన్న జోడు తిరిగి ఇచ్చేసి వస్తున్నాడు.

"ఏవైంది?"

"సైజు సరిపోలేదండి బాబాయ్ గారూ" అన్నాడు శ్యామ్ బాబు. అదే దారిలో నాలుగడుగులు వేసి, నిఖితకి ప్రాక్టికల్స్ కోటు కొన్నాడు. దారంతా తెగిన పాత చెప్పు ఈడుస్తూ నడిచాడు. మనిషి తనకై తాను కప్పుకున్న దుప్పటి లాగడం కేశవరావుకి చేతకాదు.

ఇలా ఉండగా గౌరీశంకరం గారు వచ్చి పడ్డారు. మురమళ్ళలో వేదం చదువుకున్న పెద్దాయన. పూజలో ఉండగా ఛాతీలో నొప్పి. కొడుకు ఉపేంద్ర బండిలో ముందు సీట్లో, కేశవరావు పక్కన కూర్చున్నాడు. మధ్యలో ఉన్న చిన్న అద్దం తలుపు తెరిచే ఉంది.

"ఒక్క జీతం ఇల్లండీ మాది" అని వినపడగానే కేశవరావు స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. ఈయన దగ్గర వద్దురా అనుకున్నాడు.

"ట్యూషన్ పెట్టించే తాహతు లేదండి. మా అబ్బాయికి పదమూడో ఎక్కం ఎంత చదివినా నోటికి రావడం లేదండి. మీరు అన్నేసి మంత్రాలు ఎలా పట్టేరండీ?"

సన్నగా, ఆయాసంతో ఆయన గొంతు. "ముందుకే చదివితే రాదయ్యా... ముందుకీ వెనక్కీ చదవాలి. పదమూడు, ఇరవయ్యారు. ఇరవయ్యారు, పదమూడు. పదమూడు, ఇరవయ్యారు, ముప్ఫై తొమ్మిది. ముప్ఫై తొమ్మిది, ఇరవయ్యారు, పదమూడు..."

ముమ్మిడివరం దాటేసరికి పదమూడో ఎక్కాన్ని వేదంలో ఘనపాఠంలా, పదాలు ముందుకీ వెనక్కీ తిప్పి పట్టేశారు. శ్యామ్ బాబు తప్పు చెబుతున్నాడు, ఆయన దిద్దుతున్నారు. ఉపేంద్ర ముఖం ఎర్రబడింది. "మా నాన్నగారు చావుబతుకుల్లో ఉంటే వీడు ఎక్కాలు చెప్పించుకుంటాడా!" అని ఆసుపత్రి మెట్ల మీదే అరిచాడు. పెద్దాయన కుదుటపడ్డారు కాని ఉపేంద్ర కోపం కుదుటపడలేదు. పైవాళ్ళకి ఫిర్యాదు పంపాడు. రోగిని విసిగించాడని, ఇంటి కష్టాలు చెప్పి జాలి కోసం చెయ్యి చాపాడని.

కాంట్రాక్టు ఉద్యోగం. ఒక్క సంతకంతో పోతుంది. ఆ ఉద్యోగంతో పాటే దానమ్మ మందులూ, నిఖిత చదువూ.

విచారణకి ప్రవీణ్ కుమార్ అనే అధికారి వచ్చి రేకుల షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయనా అలసిపోయే ఉన్నాడు. చెమట తుడుచుకుంటూ, "తప్పయిందని రాసిచ్చేస్తే చిన్న శిక్షతో పోతుందేమో శ్యామ్ బాబూ" అన్నాడు.

"రాసిచ్చెయ్యరా" అన్నాడు కేశవరావు కూడా.

"జాలి కోసం అడిగేనని రాయలేనండి" అన్నాడు శ్యామ్ బాబు మెల్లిగా. "మిగతాది రాస్తానండి."

"ఫిర్యాదులో ఉన్నదే అదయ్యా!" అన్నాడు ప్రవీణ్ కుమార్.

అప్పుడే ఆటో ఒకటి వచ్చి ఆగింది. ఉపేంద్ర దిగి, తండ్రికి చెయ్యి అందించాడు. గౌరీశంకరం గారు అధికారి వైపు చూడను కూడా చూడలేదు. చుట్టూ కలయజూశారు.

"ఏడయ్యా మీ వాడు? అప్పజెప్పించుకుందామని వచ్చేను."

శ్యామ్ బాబు తల వంచుకున్నాడు. "మావాడు లేడండి."

"బడికెళ్ళేడా?"

"పుట్టలేదండి."

ఉపేంద్ర, "చూశారా సార్! అబద్ధాలు కూడా!" అన్నాడు. ప్రవీణ్ కుమార్ పెన్ను మూత తీశాడు.

"అంటే," అన్నారు గౌరీశంకరం గారు నెమ్మదిగా, "నేను ఛాతీ పట్టుకుని, పుట్టని వాడికి ఎక్కం నేర్పేనన్నమాట."

"ఆయ్."

"ఎందుకు?"

"పడుకోబెట్టి బెల్టు కట్టేసేక మనిషికి చెయ్యడానికి ఏ పనీ ఉండదండి. భయపడ్డం ఒక్కటేనండి. ఇంట్లో పెద్దరికం చేసే వాళ్ళని మూటలా మోసుకొస్తాం కదండీ. వాళ్ళకి వచ్చిన పని ఏదో ఒకటి అడిగితే..." అని ఆగాడు. "తప్పేనండి. అబద్ధమేనండి."

పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత కొడుకుతో అన్నారు. "ఉపేంద్రా, నీకు చెప్పలేదు. ఆ రోజు బండిలో పడుకోగానే ఒక్క మంత్రమూ గుర్తు రాలేదురా. చిన్నప్పట్నుంచి చదివినవి. ఒక్కటీ. అన్నీ తుడిచేసినట్టు పోయేయి. అప్పుడు ఈ అబ్బాయి ఎక్కం అడిగేడు. అది వచ్చింది. అది పట్టుకునే వెళ్ళేను అమలాపురం దాకా. ఆ కాగితం వెనక్కి తీసుకో."

"నాకేం తెలుసండీ నాన్నగారూ..."

"తెలీదు కాబట్టే తీసుకోమంటున్నాను."

ఉపేంద్ర నేలచూపులు చూస్తూ, "తీసేసుకుంటానండి సార్" అన్నాడు. ప్రవీణ్ కుమార్ కాగితం ముందుకి జరుపుకున్నాడు. "మరి రోగి వాంగ్మూలం అని ఏం రాయమంటారండీ?"

"రోగికి పదమూడో ఎక్కం వచ్చునని రాయండి."

కేశవరావు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. చాలా రోజుల తర్వాత. ప్రవీణ్ కుమార్ కాగితాలు సర్దుకుంటూ, గొంతు తగ్గించి అడిగాడు. "కొడుకు లేడు, కొబ్బరి చెట్లు లేవు, ఆవకాయ లేదు. ఒక్క జీతం అన్నదైనా నిజమేనా?"

"ఆయ్, నిజమేనండి."

"సరిపోతోందా మరి?"

కేశవరావు బండి అద్దం తుడుస్తున్న గుడ్డ ఆగిపోయింది. ఇన్నేళ్ళూ తను అడగలేకపోయిన మాట. శ్యామ్ బాబు నోరు తెరిచాడు.

ఫోను మోగింది. ఎదుర్లంక వంతెన దగ్గర మోటారు సైకిలు బోల్తా, ఇద్దరు. శ్యామ్ బాబు తెరిచిన నోరు అలాగే మూసుకుని బండెక్కాడు. వెళ్తానని గాని వస్తానని గాని, అధికారికీ చెప్పలేదు, పెద్దాయనకీ చెప్పలేదు. వెనక తలుపు ధడేల్మంది. కేశవరావు కీళ్ళ నొప్పులు మరిచి పరుగెత్తి ఇంజను ఆన్ చేశాడు.

"పదమూడుతో ఆగిపోకయ్యోయ్, పందొమ్మిది దాకా ఉన్నాయి!" అని గౌరీశంకరం గారు అరిచారు.

బండి కాలవ మలుపు తిరుగుతుంటే కేశవరావు అద్దంలోంచి చూశాడు. ప్రవీణ్ కుమార్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, మూత తీసిన పెన్నుతో, జవాబు రాసుకోవడానికి సిద్ధంగా.